జనానికి అర్థం కాదని తేల్చడానికి మీరెవరు?

నెల్లూరులో శుక్రవారం వచ్చిన ఒక చిన్న సినిమాను థియేటర్ వాళ్లు ఆదివారం సెకండ్ షోకల్లా ఎత్తేశారు. ఫైట్లు లేవు, కథ నిదానంగా నడుస్తుంది, అంతే దాని నేరం. ఇదేమిటని అడిగితే ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు, మన జనానికి ఇలాంటివి అర్థం కావట. ఒంగోలు గ్రంథాలయంలో కాస్త బరువైన నవల కావాలన్నా వినిపించేది ఇదే. వినీ వినీ ఒళ్లు మండుతోంది.

థియేటర్‌కు కరెంటు బిల్లు, జీతాలు ఉంటాయి, ఖాళీ కుర్చీలకు ఆట వేయలేరు, నిజమే. నష్టం వస్తోందని తీసేస్తే ఆ మాటే చెప్పండి. నెపం జనం మీదకు నెట్టడమెందుకు?

ఏ జనానికండీ అర్థం కానిది? తిక్కన 15 పర్వాల భారతం రాసిన నెల్లూరు ఇది. కనిగిరి, పొదిలి, కోవూరు వైపు తిరునాళ్లలో కురుక్షేత్రం వేస్తే బడి మొహం చూడనివాళ్లు కూడా తెల్లారేదాకా కూర్చుని, కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టి మళ్లీ పాడించుకున్నారు. మొదటిసారే ఆ సమాసాలన్నీ తెలిశాయా? తెలియలేదు. రాయబారం కథ ముందే ఎరుక కాబట్టి మాట జారినా భావం దొరికింది, పక్కనున్న పెద్దాయన కొంత విప్పి చెప్పాడు, ఏటేటా వింటూ పోగా శ్రుతి తప్పితే పసిగట్టే దాకా వచ్చారు. కష్టమైన నవలయినా సినిమా అయినా వంటబట్టేది ఇలాగే. మళ్లీ చదవాలి, ఇంకొకరితో వాదించాలి, దానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వనివాళ్లే అర్థం కాదని తీర్పులిస్తున్నారు!

1980లో శంకరాభరణం వచ్చింది. స్టార్ హీరో లేడు, కథంతా ఒక ముసలి సంగీత విద్వాంసుడిది. మొదట్లో హాళ్లు బోసిపోయాయి, చూసినవాళ్లు చెప్పగా చెప్పగా నిండాయి. అందులో పాడినందుకు మన నెల్లూరు బాలుకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా ఇవాళ విడుదలైతే సోమవారం మార్నింగ్ షో చూస్తుందా?

గ్రంథాలయాలది ఇంకా అన్యాయం. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు, అది గ్రంథాలయ సంస్థకు జమ చేయడానికి మాత్రం స్థానిక సంస్థలకు చేతులు రావు. ఇక శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల గైడ్లు, దినపత్రికలు దాటి కొత్త నవల ఎక్కడి నుంచి వస్తుంది? వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, ఆ ఊరు 2022 దాకా ప్రకాశం జిల్లాలోదే. పల్లెటూళ్లో పుస్తకాలు ఎవరు చదువుతారులే అని అప్పటివాళ్లు చేతులు దులుపుకోలేదు.

మేము అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. ఇలాంటి సినిమాకు రెండు వారాలు రోజుకొక్క ఆట ఉంచండి. పన్ను బకాయిలు కట్టి ఆ డబ్బుతో నవలలు కొనండి. అదీ చేతకాకపోతే జనం అభిరుచి గురించి నోరెత్తకండి.