గీయడానికేం, ఎవరైనా గీస్తారు

బొమ్మలు గీసేవాళ్ల గురించి లోకం ఇప్పటికే కావలసినంత రాసింది. బొమ్మ గీయడానికి కాగితం ఎంచుకునేవాళ్ల గురించి మాత్రం ఎవరూ కలం కదిపిన పాపాన పోలేదు. నెల్లూరులోనే చూడండి. ట్రంకు రోడ్డు మీది స్టేషనరీ దుకాణాల్లో సాయంత్రం పూట రెండు రకాల కాగితాలు రెండు చేతుల్లో పట్టుకుని, ఏది మేలో తేల్చుకోలేక ఉత్త చేతులతో ఇంటికి పోయే కళాకారులు ఎందరో. వాళ్లకు శాలువా లేదు, సన్మాన పత్రం లేదు. ఈ అన్యాయం మీద నాలుగు మాటలు చెప్పడం పౌరుడిగా నా బాధ్యత.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అని వీళ్లను వెక్కిరిస్తారు. ఆ సామెత కట్టినవాడు జన్మలో మద్దెల కొనడానికి వెళ్లి ఉండడు. వెళ్లి ఉంటే, కర్ర పనసదా వేపదా, తోలు ఏ మేకది అన్న చర్చతోనే తెల్లవారి, ఆట సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

నా వాదనకు ఆధారం మా వీధిలోని ఒక మిత్రుడు. బ్యాంకు ఉద్యోగం, చిత్రకళా హృదయం. ఆయన స్కెచ్ పుస్తకాలు బీరువాలో వెంకటగిరి చీరల పక్కన, కలరా ఉండల కాపలాలో ఉంటాయి. ఆయన దృష్టిలో గీయడం చేతి పని, ఎంచుకోవడం బుద్ధి పని.

ముందు జీఎస్ఎం సంగతి చూద్దాం. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. జిరాక్సు కాగితం 70 లేదా 80 ఉంటుంది. పెన్సిలుకు 100 నుంచి 150 వరకు చాలు. నీటి రంగులు వేసేవాళ్లు 300 అడుగుతారు. ఏ0 సైజు కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు, అందులో పదహారో వంతు ఏ4. అంటే 80 జీఎస్ఎం ఏ4 కాగితం 5 గ్రాములు, 300 జీఎస్ఎం అయితే దాదాపు 19 గ్రాములు. ఈ లెక్క తెలిసినప్పటి నుంచి మా మిత్రుడు అట్ట మీద అచ్చు వేసిన అంకెను నమ్మడం మానేశాడు. తెలిసిన నగల దుకాణానికి వెళ్లి, గాజు తలుపుల త్రాసులో కాగితం తూయించాడు. దుకాణదారు ముఖంలో ఏ భావమూ లేకుండా అంకె చదివి, "మజూరీ, తరుగు కలిపా సార్, విడిగానా?" అని అడిగాడట.

దుకాణంలో ఆయన పద్ధతి చూసి తీరాలి. డ్రాయింగ్ షీటు అడుగుతాడు. కుర్రాడు చుట్టలోంచి ఒకటి లాగి కౌంటరు మీద పరుస్తాడు. అది వెంటనే మళ్లీ చుట్టుకుపోతుంది. రెండు మూలల మీద రెండు జిగురు డబ్బాలు పెట్టి దాన్ని లొంగదీస్తారు. అప్పుడు మా మిత్రుడు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్లు మూసుకుని నలుపుతాడు. పెన్సిలు పొడిని పట్టి ఉంచే గరుకు ఉందో లేదో వేళ్లకు తెలియాలి. తర్వాత ట్యూబులైటుకు ఎత్తి వాటర్‌మార్కు వెతుకుతాడు. పదిహేను రూపాయల కాగితంలో అది ఉండదని ఆయనకూ తెలుసు, కానీ పద్ధతి పద్ధతే. చివరగా ఒక మూల పట్టుకుని ఝాడించి, ఆ చప్పుడుకు చెవి ఒగ్గుతాడు. వెనక జామెట్రీ బాక్సు కోసం నిలబడ్డ పిల్లలు కూడా ఊపిరి బిగబడతారు.

"బాబు ఏ క్లాసు సార్?" అంటాడు యజమాని.

"బాబుకు కాదు, నాకే."

"ఓహో. అయితే చార్టు సరిపోదా సార్?"

చార్టు! ఒక కళాకారుడు వెనుదిరగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఫ్రాన్సులో ఆర్ష్ అనే మిల్లు 1492 నుంచి కాగితం చేస్తోంది. అచ్చంగా పత్తి గుజ్జుతో, జెలటిన్ పట్టించి చేసే ఆ కాగితం మీద నీటి రంగు ఎక్కడ పెడితే అక్కడే నిలుస్తుంది. ఆమ్లం ఉండదు కాబట్టి, కలప గుజ్జుతో చేసిన చవక కాగితంలా నాలుగు ఎండలకే పసుపెక్కిపోదు. మా మిత్రుడు తెప్పించుకున్నాడు. ఆయన బొమ్మ రెండు వందల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలవాలి. బొమ్మ ఏదీ అన్నది తర్వాతి విషయం. ఆ మిల్లు మొదలైన ఏడాదే ఓడ ఎక్కిన కొలంబస్ అదే ఏడాది అవతలి ఒడ్డు చేరాడు. మా మిత్రుడు ఇంకా మొదటి పేజీ చేరలేదు.

చేరలేదంటే బొత్తిగా చేరలేదని కాదు. కొత్త పుస్తకానికి నాలుగు మూలలా పసుపు పెట్టి, పైన "శ్రీ" చుట్టాడు. ఆ పత్తి కాగితం మీద ఇంతవరకు పడిన రంగు అదొక్కటే. దురదృష్టం ఏమిటంటే, వెలుతురు తగిలితే తొందరగా వెలిసిపోయే రంగుల్లో పసుపు ఒకటి. అందుకే ఆ పుస్తకం తెరవడం కూడా నిషేధించారు.

పెన్సిళ్ల గురించి ఎక్కువ చెప్పను. గ్రాఫైటులో బంకమట్టి పాలు పెరిగితే హెచ్ వైపు గట్టిపడుతుంది, తగ్గితే బి వైపు మెత్తబడుతుంది. ఈ మిశ్రమానికి ఫ్రాన్సులో కాంటే పేటెంటు తీసుకున్నది 1795లో. మా మిత్రుడి దగ్గర గట్టివాటి నుంచి 8బి దాకా మొత్తం వరుస ఉంది. ఆదివారాలు బ్లేడుతో అన్నిటికీ మొనలు తీస్తాడు. పెన్సిళ్లు ఏటా పొట్టివవుతున్నాయి కనుక సాధన సాగుతున్నట్టే లెక్క.

వాతావరణం కూడా మన జిల్లా కళాకారుడికి అండగా నిలిచింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు కుంచెలో నీళ్లు కాగితం మీద పడుతూనే ఇగిరిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. అప్పుడు పెట్టిన తడి ఆరనే ఆరదు. పైగా గాలిలో తేమకు దాచిన కాగితంలోని జెలటిన్ పట్టు సడలుతుంది. ఆ తర్వాత రంగు పెడితే అద్దుడు కాగితంలా పీల్చేసుకుంటుంది. అంటే దాచిన కొద్దీ చెడుతుందన్నమాట. ఈ విషయం చెప్పగానే మా మిత్రుడు తక్షణ చర్య తీసుకున్నాడు. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వీధంతా అడిగి తెచ్చి, పేజీకొకటి పెట్టాడు.

ఇక మిగిలింది జనవరి, ఫిబ్రవరి. ఆ రోజుల్లో పులికాట్‌కు ఫ్లెమింగోలు వస్తాయి. ఆ సరస్సు దగ్గరి సూళ్లూరుపేట 2022లో మన జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, ఆ సంగతి పక్షులకు ఎవరూ చెప్పినట్టు లేదు. మా మిత్రుడు ఏ6, ఏ5, ఏ4 పుస్తకాలతో గట్టు మీద కూర్చున్నాడు. పక్షి నిలువుగా ఉంది, సరస్సు అడ్డంగా ఉంది, ఏ పుస్తకం తీయాలి? ఫ్లెమింగోలు ఒంటికాలి మీద గంటసేపు కదలకుండా నిలబడి సహకరించాయి. ఇంతకన్నా మంచి మోడళ్లు పారిస్‌లో కూడా దొరకవు. చివరికి వాటికే విసుగు పుట్టి ఎగిరిపోయాయి.

తిక్కన సోమయాజి ఈ పెన్న ఒడ్డునే తాటాకుల మీద 15 పర్వాలు పూర్తి చేయలేదా, అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. తిక్కన దగ్గర ఉన్నది తాటాకు ఒక్కటే. ఎంపిక లేని రోజుల్లో పని జరగడం వింతేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు మన పక్షమే అనుకున్నాను. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి, రంగు పాకకుండా అంత శ్రద్ధగా సిద్ధం చేస్తారు. తీరా చూస్తే ఆ తర్వాత దాని మీద నిజంగానే బొమ్మ వేసేస్తున్నారు. నిరాశ కలిగింది.

అన్నిటికన్నా ఘోరం, మా మిత్రుడి వాకిట్లోనే రోజూ జరుగుతున్న కళాద్రోహం. తెల్లవారుజామున ఆయన భార్య కళ్లాపి చల్లుతుంది. నేల మరీ తడిగా ఉంటే పిండి ముద్దకడుతుంది, మరీ ఆరితే గాలికి లేచిపోతుంది. తడి మెరుపు పోయి నేల నల్లగా మిగిలే ఒక్క క్షణం ఉంటుంది. నీటి రంగులవాళ్లు కాగితం మీద కాచుకునేది కూడా సరిగ్గా ఆ క్షణం కోసమే. ఆమె కాచుకోదు. చీపురు గోడకు ఆనించి వచ్చేసరికి ఆ వేళ అయి ఉంటుంది. 15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క. చిత్తు ప్రతి లేదు, రబ్బరు లేదు. తీగ ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి వచ్చి కలుస్తుంది. పేపరు కుర్రాడి సైకిలు వచ్చే దాకా కూడా నిలవని దాని కోసం ఇంత పని! మర్నాడు మళ్లీ ఇంకొకటి. ఇది కళ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, కనుక అడ్డూ అదుపూ లేకుండా గీస్తూ పోతోంది.

"నేల గరుకు చూసుకోకుండా ఎలా మొదలుపెడతావు?" అని ఆయన ఒకరోజు గుమ్మంలోంచి అడిగాడు.

"ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెళ్లి పాల ప్యాకెట్లు తీసుకురండి" అంది.

ఇలాంటి వాతావరణంలో కాగితం ఎంపికకు గౌరవం దక్కాలంటే ప్రభుత్వం కోసం ఎదురుచూస్తే లాభం లేదు. అందుకే నెల్లూరు పురమందిరంలో ఒక ప్రదర్శన తలపెట్టాం. అన్నీ ఖాళీ కాగితాలే, మంచి ఫ్రేముల్లో. కింద చీటీల మీద పత్తి శాతం, జీఎస్ఎం, గరుకు రకం, కొన్నప్పుడు దుకాణదారు అన్న మాట. అమ్మకానికి కూడా పెడతాం, కొన్నవారు గీయబోమని హామీ పత్రం రాసివ్వాలి. ప్రారంభోత్సవానికి జ్యోతి వెలిగించేవారు కూడా ఒప్పుకున్నారు. తేదీ మాత్రం ప్రకటించలేకపోతున్నాం. ఆహ్వాన పత్రికకు ఐవరీ కార్డు వాడాలా, హ్యాండ్‌మేడ్ కాగితం వాడాలా అన్నది ఇంకా తేలలేదు. నమూనాలు మా మిత్రుడి దగ్గర ఉన్నాయి.