రూము చూడకుండ పైసలు కట్టకుండ్రి

శని, ఆదివారాలు వస్తే చాలు, హైదరాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి, ఖమ్మం నుంచి జంటలు ఓరుగల్లు చూద్దామని దిగుతున్నరు. 2021ల రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినంక ఇంకా ఎక్కువైన్రు. మంచిదే. కానీ లాడ్జి కౌంటర్ కాడ ఈ జంటలు నిలబడే తీరు చూస్తే ఒళ్ళు మండుతది. ఆయన తల వంచుకొని ఆధార్ తీస్తడు. ఆమె బ్యాగు పట్టుకొని గోడకున్న క్యాలెండర్ చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడతది. కౌంటర్ల కూసున్నాయన ఎంతంటే గంత. తాళంచెవి చేతికి రాంగనే ఇద్దరు మెట్ల దిక్కు ఉరుకుడే. ఈ మొహమాటాన్ని లాడ్జోళ్ళు రోజూ చూస్తరు. అందుకే ఇంకెవ్వలు ఒప్పుకోని రూము జంటలకు అంటగడతరు: మెట్ల పక్కది, ట్యాంకు కిందిది, నల్లా కారేది.

పెండ్లయి పదేండ్లయినోళ్ళు కూడ గింతే. ఇంట్ల వంకాయలు కొననీకి ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూసే మనుషులు, 1,200 పెట్టి రాత్రంత పండుకునే జాగను కండ్లతోటి చూడకుండనే పైసలు కడతరు.

"రూము చూసి చెప్తం" అనుండ్రి. గా ఒక్క మాటకు కౌంటరాయన చూపు మారుతది. అడ్వాన్స్ ఇయ్యకముందే పోవాలె, ఇద్దరు పోవాలె. ఒక్కరే పోతే ఫ్యాను తిరుగుతుందా, టీవీ వస్తుందా అని చూసి దిగుతరు. చూపియ్యం అని అంటే ఇంకో లాడ్జి చూసుకోండ్రి, బస్టాండ్ల చుట్టూ వాటికి కరువు లేదు.

పైకి పోంగనే ముందు బాత్రూం. మోరి వాసన వస్తే వెంటనే వద్దనకుండ్రి. రూము చాన దినాలు ఖాళీగ ఉంటే నేల జాలి కింద వంపుల (దాన్ని ట్రాప్ అంటరు) నిలిచే నీళ్ళు ఆరిపోతయి. పైపుల వాసనను ఆపేవి ఆ నీళ్ళే. రెండు చెంబుల నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగుండ్రి. వాసన పోతే రూము మంచిదే. పోకుంటే ఆ లైన్లనే తేడా ఉన్నది, రాత్రంత గట్లనే ఉంటది. అగర్‌బత్తి ముట్టిస్తమంటే ఒప్పుకోకుండ్రి, వేరే రూము అడుగుండ్రి.

గీజర్ ఉన్నదంటే సరిపోదు, ఏ గీజరో చూడాలె. గోడకు చిన్న డబ్బ లెక్క ఉంటే అది 3 లీటర్ల ఇన్‌స్టంట్. నల్లా మొత్తం తిప్పితే అది కాగబెట్టలేదు, సన్నటి ధార పెడితేనే వేడొస్తది. 20 లీటర్ల బకెట్ నిండాలంటే ఏడెనిమిది నిమిషాలు, చలికాలం ఇంకా ఎక్కువ. "గీజర్ పని చేస్తలేదు" అని రాత్రి కిందికి ఫోన్ చేసేటోళ్ళల్ల చానమంది నల్లా ఫుల్లుగ తిప్పినోళ్ళే. పెద్ద సిలిండర్ లెక్క ఉంటే 15 లీటర్ల స్టోరేజీ. 2 కిలోవాట్లదైతే కాగనీకి ఇరవై నిమిషాలు పడతది, చల్లనీళ్ళు కలుపుకుంటే 35 లీటర్ల దాక స్నానపు నీళ్ళు. అంటే ఇద్దరికీ చెరొక బకెట్ అని అనుకోండ్రి. మొదటాయన షవర్ కింద పాట పాడుకుంట నిలబడితే రెండో మనిషి ఇంకో ఇరవై నిమిషాలు ఆగాలె. గీజరే లేకుంట "పొద్దుగాల వేడినీళ్ళొస్తయి" అంటే ఎన్నింటి నుంచి ఎన్నింటి దాక అని అడుగుండ్రి. సోలార్ ట్యాంకు ఐతే ఆలస్యంగ లేచినోళ్ళకు మిగిలేది చల్లనీళ్ళే. షవర్ బొక్కలకు తెల్లగ సున్నం పట్టి ఉంటే బోరు నీళ్ళని తెలుసుకోండ్రి. సబ్బు నురగ రాదు, తలస్నానం ఇంటికి పోయినంక చేసుకోవచ్చు.

ఇగ పరుపు. దుప్పటి మీద చెయ్యి రాస్తే ఏం తెల్వదు. తల దిక్కు మూల లేపి కుట్టు వెంబడి ఫోన్ టార్చ్ కొట్టుండ్రి. పెన్ను మొనతోటి చుక్కలు పెట్టినట్టు నల్లటి మరకలు ఉంటే నల్లులున్నట్టే. మంచం చెక్కల అతుకులు, గోడకు మంచం ఆనే సందు కూడ చూడుండ్రి. చూసేదాక బ్యాగు మంచం మీద పెట్టకుండ్రి, స్టూలు మీదనో బాత్రూం గట్టు మీదనో పెట్టుండ్రి. నల్లి కుట్టి పోతే దద్దుర్లు. బ్యాగులకు ఎక్కితే ఇంటికొస్తది, అదీ అసలు నష్టం. "నిన్ననే మందు కొట్టినం" అంటే ధైర్యం కాదు, ఇంకా అనుమానపడాలె. మామూలు స్ప్రేకు గుడ్లు చావయి, వారం పది దినాలకు మళ్ళ పిల్లలైతయి. ఒకవేళ అసుంటి రూముల ఉండి వచ్చిన్రంటే బట్టలు ఇంట్లకు తేకముందే సంచిల కట్టి, 60 డిగ్రీల వేడినీళ్ళల్ల ఉతకాలె. నాఫ్తలిన్ గోళీలకు నల్లులు బెదరయి.

మంచం వెడల్పు కూడ చూడుండ్రి. నాలుగడుగుల మంచాన్ని డబుల్ అని రాస్తరు. దాని మీద ఇద్దరు పండుకుంటే తెల్లారేసరికి ఒకరు నేల మీద ఉంటరు. ఐదడుగులది కావాలె. రెండు సింగిల్ మంచాలు దగ్గరికి జరిపినవైతే నడుమ సందు మీద పరుపు కుంగుతది. దుప్పటికి ఇస్త్రీ మడతల గీతలు ఉన్నయా? ఉంటే ఉతికిందే. రంగురంగుల పూల దుప్పటి పరిచిన్రంటే మరకలు దాచనీకే. ఇంటి నుంచి ఒక డబుల్ బెడ్‌షీటు, రెండు మెత్త కవర్లు తెచ్చుకుంటే అరకిలో పైన బరువు, రాత్రి నిద్ర ఖాయం.

తలుపుకు బయటి తాళం ఎంత పెద్దదున్నా లెక్క లేదు, దాని రెండో చెవి కౌంటర్ల ఉంటది. లోపలి గొళ్ళెం ముఖ్యం. పెట్టి, భుజంతోటి ఒకసారి నూకి చూడుండ్రి, స్క్రూలు కదిలితే వద్దు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే కింద పెట్టే రబ్బరు ముక్క యాభై, వందకు దొరుకుతది, బ్యాగుల వేసుకోండ్రి. బయటికి తెరుచుకునేదైతే దానితోటి పని లేదు. బాత్రూం వెంటిలేటర్ వరండాలకు ఉంటే పేపర్ అడ్డం పెట్టుండ్రి. లైట్లు బంద్ చేసి టార్చ్ కొట్టి మంచానికి ఎదురుంగ ఉన్నవి చూడుండ్రి: గడియారం, సెట్‌టాప్ బాక్స్, పని లేకున్నా ప్లగ్గుల పెట్టి ఉన్న చార్జర్, పొగ వస్తే మోగే డబ్బ. కెమెరా కన్ను ఉంటే చిన్న మెరుపు తగులుతది. దొరికితే దాన్ని పీకకుండ్రి, కౌంటర్ కాడికి పోయి కొట్లాడకుండ్రి. ఫోటో తీసి, బయటికొచ్చి 112కు ఫోన్ చేయుండ్రి. ఆడమనిషి ఆంతరంగికంగ ఉన్నప్పుడు చాటుగ తీసుడు భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

ఎండాకాలం వస్తే ఒక్కటి గుర్తు పెట్టుకోండ్రి, పై అంతస్తు వద్దు. పొద్దంత కాగిన స్లాబు అర్ధరాత్రి దాక వేడి వదులుతది, ఒక టన్ను ఏసీకి అది లొంగదు. కూలర్ రూము చవకనే గానీ కిటికీ తెరిచే ఉండాలె. మూసిన రూముల కూలర్ పెడితే తేమ నిండి ఒళ్ళు జిగటైతది, చల్లదనం రాదు. తెరిచిన కిటికీకి దోమల జాలి ఉండాలె. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు దిక్కు రూములకు మరీ ముఖ్యం. ఏసీ రోజంత ఉంటదా, రాత్రి పూటనే వేస్తరా అనేది కూడ పైసలు కట్టకముందే తేల్చుకోండ్రి.

రూము తర్వాత జాగ. మ్యాప్‌ల వరంగల్ అని ఉన్నదని బుక్ చేసుకుంటరు, దిగినంక అది కాజీపేటల తేలుతది. మూడు ఊర్లు కలిసిన పట్నం ఇది. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్‌కు పది కిలోమీటర్లు, నడుమల హన్మకొండ. హన్మకొండకు రైల్వే స్టేషన్ లేదు. వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట చూడాలన్నా, ములుగు బస్సెక్కి రామప్పకు పోవాలన్నా హన్మకొండ చౌరస్తా దరిదాపుల ఉండుండ్రి. ఖిలా వరంగల్‌ల తోరణాలు పొద్దుగాల ఎండెక్కకముందే చూడాలంటే వరంగల్ స్టేషన్ దిక్కు నయం. ఎంజీఎం దవాఖాన చుట్టూ లాడ్జీలల్ల ఎక్కువ మంది రోగుల మనుషులు ఉంటరు, పాపం వాళ్ళకే జాగ దొరకదు. షికారుకు వచ్చినోళ్ళకు అక్కడ ఏం పని? దూరం రూము రెండు వందలు తక్కువ అనిపిస్తది, రెండు దినాల ఆటోలకు అంతకు రెండింతలు పోతది.

పైసలు ఎక్కువ పోయేది టైములనే, దాన్ని ఎవ్వలూ లెక్క పెట్టరు. లాడ్జీలు రెండు తీర్లు. పాత లాడ్జీలల్ల 24 గంటల లెక్క, ఎప్పుడు దిగితే మర్నాడు అదే టైముకు ఖాళీ చేయాలె. కొత్త హోటళ్ళల్ల, యాప్‌లల్ల మధ్యాహ్నం 12కు దిగి మర్నాడు 11కు పోవాలె, అంటే కట్టేది రోజుకు, దొరికేది 23 గంటలు. శనివారం పొద్దున ఆరింటికి రైలు దిగి 12 గంటల హోటల్‌కు పోతే సగం రోజు కిరాయి ఎక్కువ అడుగుతరు. 24 గంటల లాడ్జికి అదే ఆరింటికి పోతే ఆదివారం పొద్దున ఆరింటికి లేపుతరు. రెండూ నష్టమే. శనివారం పొద్దున వచ్చి ఆదివారం సాయంత్రం పోయేటోళ్ళు చేయాల్సింది ఇది: 24 గంటల లాడ్జి చూసుకోండ్రి, పొద్దున రూము చూసి కొంత అడ్వాన్స్ ఇచ్చి బ్యాగు కౌంటర్ల పెట్టుండ్రి, సాయంత్రం నాలుగింటికి దిగుతమని చెప్పి ఊరు చూడపోండ్రి. రిజిస్టర్ల టైము నాలుగు అని రాపిచ్చుకోవాలె, లేకుంటే పొద్దుటి టైమే పడతది. ఆదివారం మధ్యాహ్నం ఎండల నీడ మీదే, స్నానం చేసి నాలుగింటికి బస్సుకు పోవచ్చు. ఒక్క రోజు కిరాయి, రెండు దినాల పని.

ఐడీల లొల్లి. ఇద్దరు 18 నిండినోళ్ళైతే, గుర్తింపు కార్డులు ఉంటే, పెండ్లి కానోళ్ళు ఒక రూముల ఉండొద్దనే చట్టం లేదు. మద్రాస్ హైకోర్టు 2019ల కోయంబత్తూరు కేసుల ఇదే చెప్పింది. అట్లని రూము ఇయ్యాల్సిందే అని కౌంటర్ మీద కొట్లాడితే రాత్రి పదకొండింటికి గెలిచేది మీరు కాదు. ఫోన్‌లనే అడిగి తేల్చుకోండ్రి. చిత్రం ఏందంటే ఇబ్బంది పెండ్లయినోళ్ళకూ తప్పదు. ఆమె ఆధార్‌ల ఇంకా పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరే ఉంటది. "ఇంటిపేర్లు కలుస్తలేవు" అని నసుగుతరు. పెండ్లి పత్రిక ఫోటో ఫోన్‌ల ఉంటే పని ఐతది గానీ, కిరాయి కట్టే మనిషి లాడ్జోనికి శుభలేఖ చూపెట్టుడేందో! ఆధార్‌ల వరంగల్ అడ్రస్ ఉంటే "లోకల్ ఐడీకి ఇయ్యం" అనేటోళ్ళు కూడ ఉన్నరు, అది కూడ ముందే అడుగుండ్రి. రిజిస్టర్ల ఆయన పేరు రాసి పక్కన ప్లస్ వన్ అని పెడితే ఒప్పుకోకుండ్రి. ఆమె పేరు కూడ రాపియ్యండ్రి. రేపు ఏదన్న జరిగితే ఆమె అక్కడ ఉన్నట్టు కాగితం ఉండాలె. ఇచ్చే జిరాక్స్ మీద తేదీ, "లాడ్జి కోసం మాత్రమే" అని అడ్డంగ రాయుండ్రి. ఆఖరు నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఐతే ఇంకా మంచిది.

బిల్లు సంగతి చిన్నదే. 7,500 లోపు రూములకు జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12 ఉండె. 1,200 రూముకు 60 రూపాయలు. ఇంకా 144 వేస్తే అడుగుండ్రి. బిల్లు మీద జీఎస్టీ నంబరే లేకుంటే ఆ 60 కూడ ఎందుకు? యాప్‌ల రేటు చూసినంక లాడ్జికి నేరుగ ఫోన్ చేయుండ్రి, యాప్ కమిషన్ మిగులుతది గదా, కొంచెం తగ్గిస్తరు.

ఏ తారీకు వస్తున్నరో చూసుకోండ్రి. మేడారం జాతర రెండేండ్లకోసారి మాఘంల, అప్పుడు ఇక్కడ రూము అడుగుడే తప్పు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, శివరాత్రి, సద్దుల బతుకమ్మ గంతే. పెద్ద ముహూర్తాలున్న దినాలల్ల ఫంక్షన్ హాలోళ్ళు లాడ్జీలు మొత్తానికి మొత్తం తీసుకుంటరు, దొరికినా కింద డీజే. మూఢాలల్ల రాండ్రి, పెండ్లిళ్ళు ఉండయి, రేటు బేరం ఆడొచ్చు. ఆషాఢం కూడ గంతే. కొత్త జంటలు ఆషాఢంల కలవొద్దని పెద్దలు అంటరు, లాడ్జీలు మాత్రం గప్పుడే ఖాళీ.

ఖాళీ చేసేటప్పుడు రూం బాయ్ పైకి పోయి తువ్వాలలు లెక్క పెట్టొచ్చేదాక అడ్వాన్స్ వాపస్ ఇయ్యరు, అందుకని బస్సుకు అరగంట ముందే చెప్పుండ్రి. ఒరిజినల్ ఆధార్ కౌంటర్ల పెట్టుకుంటమంటే మొదలే ఇయ్యకుండ్రి, ఇచ్చి ఉంటే మర్చిపోకుండ తీసుకోండ్రి. తెలంగాణ ఆడోళ్ళకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల జీరో టికెట్ ఉన్నది, డీలక్స్, సూపర్ లగ్జరీలల్ల లేదు. ఉప్పల్ దాక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇద్దరికి ఒక్క టికెటే. కానీ కండక్టర్ ఒరిజినల్ కార్డు చూపియ్యమంటడు, ఫోన్ల ఫోటో నడవదు. అది లాడ్జి సొరుగుల ఉంటే హన్మకొండ దాటకముందే రెండో టికెట్ కొట్టాల్సొస్తది.