జవాబు రాని మెసేజ్‌కు ఎన్ని వయొలిన్లు?

మన అనంతపురం గాయకుడొకాయన ఉన్నాడు. పాట తనే రాసుకుంటాడు, బాణీ తనే కట్టుకుంటాడు, బాధ కూడా తనే పడతాడు. ఈమధ్య ఆయన పెద్ద ఆర్కెస్ట్రాతో పాప్ ఆల్బమ్ విడుదల చేసిన సంగతి సప్తగిరి సర్కిల్ మీదుగా పోయేవాళ్ళందరికీ తెలుసు. ఫ్లెక్సీలో ఆయన వెనకాల నల్లకోట్లు తొడుక్కుని అరవై మంది తెల్లవాళ్ళు కూర్చున్నారు. కింద శుభాకాంక్షలు చెప్పినవాళ్ళ ఫొటోలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఆల్బమ్ బాగుందా లేదా అనే చిల్లర ప్రశ్న జోలికి నేను పోను. బాధ్యత గల పౌరుడిగా నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న పూర్తిగా పరిపాలనకు సంబంధించినది: ఒక మనిషి ఒక దుఃఖానికి గరిష్ఠంగా ఎన్ని వయొలిన్లు వాడుకోవచ్చు?

ఎందుకంటే ఆల్బమ్ మొత్తానికీ దుఃఖం ఒక్కటే. ఆయన మెసేజ్ పెట్టాడు. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మొదటి పాటలో జవాబు రాలేదు. రెండో పాటలో వాన పడుతుండగా జవాబు రాలేదు (అనంతపురంలో ఆ వాన కూడా కవిగారి కల్పనే). మూడో పాటలో ఆమె ప్రొఫైల్ ఫొటో మార్చింది గానీ జవాబు రాలేదు. ఫొటో మారిన ఆ క్షణంలో ఫ్రెంచ్ హార్న్‌లు నాలుగూ ఒక్కసారిగా లేస్తాయి, వెనక టింపనీ అనే పెద్ద డోళ్ళు ఉరుముతాయి, వయొలిన్లు కొండెక్కినట్టు పైపైకి పోతాయి. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయి విజయనగరం రాజధాని మన పెనుకొండకు తరలి వచ్చిన రోజున కూడా ఇంత మోత మోగి ఉండదు.

ఇలాంటి వ్యవహారాల్లో పాత తీర్పులేమున్నాయో చూడటం ధర్మం కాబట్టి చూశాను. 1966లో ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ 'ఎలినార్ రిగ్బీ' అని ఒక పాట చేశారు. ఎవరూ లేని ఒంటరి మనిషి చనిపోతుంది, అంత్యక్రియలకు ఒక్కరూ రారు. అంతటి కథకు వాళ్ళ నిర్మాత జార్జ్ మార్టిన్ పెట్టింది ఎనిమిది మందిని: నాలుగు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దవి రెండు వయోలాలు, కూర్చుని వాయించే ఇంకా పెద్దవి రెండు చెల్లోలు. అంటే చావుకు ఎనిమిది. మన పక్కన తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య సంగతి చూడండి. ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడంటారు. అన్నీ ఒక్క చిరునామాకే, ఏడుకొండల మీదికి. అందులో అలకలున్నాయి, ఎత్తిపొడుపులున్నాయి, విరహం సరేసరి. అవి చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలో ఒక అరలో పడి ఉండి 1922లో గానీ వెలుగు చూడలేదు. నీలం టిక్కు పడటానికే నాలుగు వందల ఏళ్ళు పట్టిందన్నమాట. అయినా బొమ్మల్లో ఆయన చేతిలో కనిపించేది ఒక్క తంబూర. ఫ్రెంచ్ హార్న్ కావాలని ఆయన అడిగినట్టు ఏ శాసనంలోనూ లేదు.

కాబట్టి ప్రభుత్వం వెంటనే ఒక జీవో తెచ్చి కొలత నిర్ణయించాలి. మెసేజ్‌కు జవాబు రాకపోతే ఒక వయొలిన్, అదీ తీగలు మీటడానికి మాత్రమే, కమాను వాడరాదు. ఏకపక్ష ప్రేమ మూడేళ్ళు దాటితే నాలుగు. శుభలేఖ ఇంటికొస్తే ఒక చెల్లో అదనం. ఆ పెళ్ళికి పోయి భోంచేసి వచ్చినవాడికి సన్నాయి లాంటి ఓబో ఇవ్వొచ్చు. పెళ్ళిలో బంతికి వడ్డించినవాడికి తహశీల్దారు ధ్రువపత్రం మీద హార్ప్ కూడా మంజూరు చేయవచ్చు. కొలత పెట్టడంలో ఒక్కటే చిక్కు ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. శనక్కాయ విత్తి, తీరా ఊడలు దిగేవేళకు మబ్బు మొహం చాటేస్తే, ఎండిన కట్టె పీకి గొడ్లకు వేసుకునే రైతుకు ఈ లెక్కన ఎన్ని రావాలి? వియన్నా, బెర్లిన్, ప్రేగ్ ఆర్కెస్ట్రాలన్నిటినీ రైలెక్కించి గుంతకల్లు జంక్షన్లో దింపినా కోటా నిండదు. ఆర్థిక శాఖ ఒప్పుకోదు. అందుకని రైతులను జీవో పరిధి నుంచి తప్పించాలి. వాళ్ళకు నేపథ్య సంగీతం లేకుండా బ్యాంకు ముందు నిలబడటం ఎటూ అలవాటే.

రికార్డింగు విధానం గురించి కూడా ప్రజలకు తెలియాలి. అరవై మందిని చూసి ఆయన విమానమెక్కి పోయాడనుకోకండి. మన సినిమావాళ్ళు బుడాపెస్ట్‌లో తీగవాద్యాలు వాయించుకోవడం ఇప్పుడు మామూలే. దానికి ఇల్లు కదలక్కర్లేదు. అక్కడ కండక్టరు, వాద్యకారులు చెవుల్లో తాళం టిక్కుటిక్కుమనే క్లిక్ పెట్టుకుని, ఎదుట కాగితం చూసి వాయిస్తారు. గంటల లెక్కన బిల్లు. ఇక్కడ మనవాడు లాప్‌టాప్ ముందు కూర్చుని వింటాడు. అక్కడ పొద్దున పదింటికి మొదలుపెడితే వేసవిలో ఇక్కడ ఒకటిన్నర. మే నెల ఒకటిన్నరకు అనంతపురం రోడ్డు మీద కుక్క కూడా ఉండదు, కరెంటు ఉంటుందన్న పూచీ అంతకన్నా లేదు. కరెంటు పోయి తెర నల్లబడ్డా అక్కడివాళ్ళు వాయిస్తూనే ఉంటారు, మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఆ కాగితం మీది స్వరాలు ఎవరివి అని అడిగేవాళ్ళుంటారు. ఇళయరాజా 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ వినిపించాడు. రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది, రాసింది మాత్రం ఆయనే. మనవాడిది శ్రమ విభజన పద్ధతి. ఫోన్లో కూనిరాగం తీసి చెన్నైకి పంపుతాడు. అక్కడి అరేంజరు దాన్ని అరవై మందికి పంచుతాడు. పంచడానికి అందులో ఏముందని అడక్కండి. పల్లవిలో నాలుగు మాటలు, వాటిలో రెండు 'ఓ'లు. బాణీ సన్నబడిన చోటల్లా వయొలిన్లు లావెక్కుతాయి. ఎనిమిదో పాటలో బాణీ పూర్తిగా అంతర్ధానమైపోయింది. అక్కడ కోరస్ కూడా దించారు.

అయితే మనవాడికి తెలివి లేదంటే నేనొప్పుకోను. ప్రతి పాటకూ ముందు నిమిషం నలభై సెకన్ల వాయిద్యం పెట్టాడు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు లెక్క. అంటే గాయకుడు నోరు తెరవకముందే లెక్క పడిపోతుంది, తెరిచాక ఎవరు పారిపోయినా నష్టం లేదు. 2024 నుంచి ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు వినబడని పాటకు అక్కడ పైసా రాదు కాబట్టి ఆయన బంధువర్గమంతా రాత్రిపూట ఫోన్లు ఆన్ చేసి పడుకుంటున్నట్టు సమాచారం. మనిషెత్తు తీగవాద్యం డబుల్ బేస్ వాయించేవాళ్ళను తలుచుకుంటేనే జాలేస్తుంది. ఆ వాద్యంలో అన్నిటికంటే మంద్రమైన తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 కంపనాలతో, మోగుతుంది. మన చేతిలోని ఫోన్ స్పీకరు అంత లోతుకు దిగలేదు. వెయ్యడుగులు బోరు దించినా చుక్క పైకి రాని మా చేన్లలాగే, వాళ్ళ వాయింపంతా అడుగునే ఉండిపోయింది.

ప్రజాభిప్రాయం తెలుసుకుందామని షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు గాయకుడికి వరసకు తమ్ముడట, ఆల్బమే పెట్టాడు. చెల్లోలు మొదలయ్యాయి. నా పక్కన పెద్దాయన కాసేపు ఓపిక పట్టి అడిగాడు.

"ఏంప్పా, పాట ఇంగా రాలేదే?"

"ఇదే పాటంట న్నా. ఇంగ పాడ్తాడు."

"ఎప్పుడు పాడ్తాడు? నేను టవర్ క్లాక్ కాడ దిగల్ల."

వెనక సీట్లో అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎవురు పోయినార్రా?"

"ఎవురూ పోలేదవ్వా. ఆయమ్మి జవాబు ఇయ్యలేదంట."

"దీనికే ఇంతమందా!" అని అవ్వ కొంగు దించేసింది. టవర్ క్లాక్ వచ్చింది. పెద్దాయన చిల్లర లెక్కపెట్టి ఇచ్చి దిగుతుండగా గాయకుడు "ఓ..." అన్నాడు.

నిపుణుల అభిప్రాయం కూడా ఉండాలి గదా అని, ఎన్నో ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు సన్నాయి వాయిస్తున్న ఒక పెద్దమనిషికి ఇయర్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. తెల్లవారుజామున మూడింటికి ఊది, తలంబ్రాలకు ఊది, అప్పగింతలకు పెళ్ళికూతురి తల్లినే గాక కేటరింగ్ వాళ్ళను కూడా ఏడిపించగల మనిషి. పక్కన డోలు, శ్రుతి పట్టేవాడు, అంతే బలగం. కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. "శ్రుతి బాగుంది" అన్నాడు. అరవై మంది అని చెప్తే ఆశ్చర్యపోయి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "అంతమందికీ అన్నం ఎవురు పెట్టినారు సామీ?" నిర్మాణ వ్యయం మీద ఇంతకంటే సూటి ప్రశ్న నేనింతవరకు వినలేదు.

ఇప్పుడు తాజా వార్త ఏమిటంటే, ఆ అరవై మందినీ పిలిపించి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో కచేరీ పెట్టాలని సంకల్పించారు. ఏర్పాట్ల కమిటీలో అడక్కుండానే నా పేరు వేశారు. షామియానా దొరికింది. జనరేటర్ దొరికింది. టింపనీ దించడానికి మార్కెట్ యార్డు హమాలీలు ఒప్పుకున్నారు. కుర్చీల దగ్గర పని ఆగింది. చెల్లో వాయించేవాళ్ళకు చేతుల్లేని కుర్చీ కావాలి, లేకపోతే కమాను ఆడదు. ఊళ్ళో టెంట్ హౌస్‌లన్నీ తిరిగాం. ఉన్నవన్నీ చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలే. చివరి షాపాయన మా గోడు సాంతం విని, గోడౌన్లోంచి ఒక కుర్చీ తెచ్చి మధ్యలో వేసి, దాని చేతిని అటూ ఇటూ ఊపి చూశాడు.

"రంపంతో కోసిచ్చేస్తా న్నా, అదెంత పని. అడ్వాన్స్ మాత్రం వాపసు రాదు."