మామయ్యగారి మీద పడ్డ టార్చిలైటు

నిన్న రాత్రి జరిగిందిది. పొద్దున్నుంచి మా ఆవిడ నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడటం లేదు. అత్తయ్య కాఫీ గ్లాసు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. మామయ్యగారు ఒక్కరే ఏమీ జరగనట్టు పేపరు చదువుకుంటున్నారు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉంది.

అత్తయ్యా మామయ్యగారూ తెనాలి నుంచి బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికొచ్చి వారమైంది. ఆయనకి నాటకాలంటే ప్రాణం. ఎనిమిదో అంతస్తు బాల్కనీలో కూర్చుని ట్రాఫిక్ చూసి చూసి విసిగిపోయారని, మా ఆవిడ నాచేత యాప్‌లో ఒక నాటకానికి నాలుగు టికెట్లు తీయించింది. టికెట్ ధర చెప్పి మిమ్మల్ని ఏడిపించను. దాని మీద కన్వీనియెన్స్ ఫీజని ఇంకొంత లాగారు. నా ఫోను, నా వేలు, నా డేటా. ఇందులో సౌకర్యం ఎవరికి కలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నాటకం కథ మీకు తెలిసిందే. విడాకులైన తండ్రి పిల్లల మీద బెంగతో ముసలి ఆయా వేషం కట్టి సొంత ఇంట్లోనే పనికి చేరతాడు. 1993లో 'మిసెస్ డౌట్‌ఫైర్' అని రాబిన్ విలియమ్స్ చేసిన సినిమా. మేకప్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. దాన్నే పాటలతో న్యూయార్క్‌లో స్టేజీ ఎక్కించారు. 2020 మార్చిలో మొదలుపెట్టీ పెట్టగానే కోవిడ్ వచ్చి మూతపడి, 2021 డిసెంబర్‌లో గానీ అసలు ఓపెనింగ్ కాలేదు. ఇప్పుడు ఊరూరూ తిరిగే ట్రూప్ ఒకటి మన ఊరొచ్చింది. ఇదంతా నేను క్యాబ్‌లో గూగుల్ చూసి చెబుతుంటే మామయ్యగారు మధ్యలో ఆపి, "ఇది కమలహాసన్ చేసిందేగా, భామనే సత్యభామనే" అన్నారు. అవునన్నాను. అక్కణ్ణుంచి ఆయన మొదలుపెట్టారు. ఆ పేరు మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామ స్టేజీ మీదికొస్తూ పాడే ప్రవేశ దరువుదట. తమిళంలో 'అవ్వై షణ్ముగి' అని పెట్టింది కూడా, తమిళ కవయిత్రి అవ్వైయార్ వేషంతో పేరు తెచ్చుకున్న టి.కె. షణ్ముగం అనే నాటకాలాయన గుర్తుగానట. "మగాడు ఆడవేషం కట్టడం వాళ్లు మనకి చూపించాలా? స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే ఆయన్ని చూసి నడక నేర్చుకున్నారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారయ్యా ఆయనకి!"

మాట ఎటు పోతోందో నాకు అర్థమై గుండె గుభేలుమంది. హెచ్ఏఎల్ సిగ్నల్ దగ్గర బండి కదలడం మానేసింది కాబట్టి తీరిగ్గా క్లాసు తీసుకున్నాను.

"మామయ్యగారూ, ఇది మన పద్యనాటకం కాదండీ. హాల్లో గట్టిగా మాట్లాడకూడదు. ముఖ్యంగా వన్స్ మోర్ అనకూడదు."

"మరి బాగా పాడాడని అతనికి ఎలా తెలుస్తుంది?"

"చప్పట్లు కొడతారండీ."

"చప్పట్లు బాగా పాడకపోయినా కొడతారు కదయ్యా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా డొమ్లూరు ఫ్లైఓవర్ దాటేదాకా చెబుతూనే ఉన్నాను. మా ఆవిడ ముందు సీట్లోంచి "ఇంక చాల్లే, నాన్న చిన్నపిల్లాడా?" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

హాలు గేటు దగ్గర అత్తయ్య సంచిలోంచి స్టీలు డబ్బా బయటపడింది. అందులో చేగోడీలు. బయటి తిండి లోపలికి తేకూడదని లాక్కుని, 114 అని నంబరున్న ప్లాస్టిక్ టోకెన్ నా చేతిలో పెట్టారు. లోపల మాత్రం గుప్పెడు పాప్‌కార్న్ 350 రూపాయలు. నియమం ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది.

నాటకం బాగుంది. ఒప్పుకోవాలి. సినిమాలో గంటలకొద్దీ కూర్చోబెట్టి వేసిన మేకప్‌ని ఇక్కడ మన కళ్లముందే క్షణాల్లో తగిలించుకుంటున్నాడు. విగ్గు, మాస్కు, లోపల దూది కుక్కిన గౌను. మామయ్యగారు ముందుకు వంగి చూస్తున్నారు. ఒకసారి "గ్రీన్‌రూమ్‌లో మనిషి గట్టివాడు" అని గొణిగారు. మొత్తం హాల్లో ఆ కనపడని మనిషిని మెచ్చుకున్నది ఆయనొక్కరే అనుకుంటాను.

ఇంటర్వెల్‌కి కాస్త ముందు ఆయా వేషంలో ఉన్న తండ్రి పాట ఎత్తుకున్నాడు. మెల్లగా మొదలై పైకి పోయింది. పోయి, చివర ఒక స్వరం దగ్గర ఆగింది. ఆగి, దిగడం లేదు. మామయ్యగారి కుడిచెయ్యి కుర్చీ మీంచి లేచింది. నేను గబుక్కున పట్టుకుని కిందికి నొక్కాను. ఆయన నా చెవిలో, "ఇంకా లాగుతాడు చూడు, ఊపిరి దాచుకున్నాడు" అన్నారు. నిజంగానే లాగాడు. నా ఒళ్లు జలదరించింది. నాకు ఆరేళ్లప్పుడు మా ఊరి తిరనాళ్లలో మా నాన్న భుజం మీద కూర్చుని హరిశ్చంద్ర నాటకం చూశాను. కాటి సీనులో పద్యానికి జనం ఊగిపోయి మూడుసార్లు మళ్లీ పాడించుకున్నారు. కొడుకు శవం పక్కనే పడి ఉంది. దానికి దోమ కుట్టి గోక్కుంది కూడా. పద్యం మాత్రం ఆగలేదు. హార్మోనియం ఆయన ప్రతిసారీ శ్రుతి పట్టుకుని, ఇంకోసారా అన్నట్టు జనం వైపు చూసేవాడు. ఆ చూపు ముప్ఫై ఏళ్లుగా నాలో ఎక్కడ నక్కి ఉందో తెలీదు. ఇక్కడ స్టేజీ ముందు కీబోర్డు వాయిస్తున్న కుర్రాడు పాట అయిపోగానే చేతులు పైకెత్తి, తల తిప్పి, సరిగ్గా అదే చూపు చూశాడు. హాలంతా నిశ్శబ్దం. చప్పట్లు పడటానికి ఇంకా అర సెకను ఉంది.

"వన్స్ మోర్!"

ఎవరా అని చుట్టూ చూశాను. మామయ్యగారి చెయ్యి ఇంకా నా చేతి కిందే ఉంది. ఆయన నోరు మూసే ఉంది. కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. అప్పుడు తెలిసింది, ఆ గొంతు నాది. మామూలు గొంతు కూడా కాదు. తిరనాళ్లలో కొబ్బరికాయల కొట్టు వాడి గొంతు.

స్టేజీ మీద ఆయా నడుం మీద చెయ్యి పెట్టుకుని మా వైపు తిరిగి, ముందు హోంవర్క్ పూర్తిచేసి రా నాయనా అన్నట్టు ఇంగ్లీషులో ఏదో చురక వేసింది. హాలు గొల్లుమంది. అక్కడితో పోయేది. బాల్కనీలోంచి ఇంకెవడో "వన్స్ మోర్" అన్నాడు. వెంటనే ఇంకొకడు "జై బాలయ్య" అన్నాడు. బెంగళూరులో పదిమంది తెలుగువాళ్లు చీకట్లో ఒకచోట చేరితే ఈ నినాదం ఎక్కడో అక్కడ పుట్టక తప్పదు. నేను మాత్రం కుర్చీలోకి ఇంకిపోతున్నాను.

అంతలో టార్చిలైటు వచ్చింది. నల్ల చొక్కా కుర్రాడొకడు మా వరుస చివర నిలబడి లైటు వేసి వెతికాడు. మొదట నా మీద పడింది. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు, మెడలో తియ్యడం మర్చిపోయిన ఆఫీసు ఐడీ కార్డు. నన్ను దాటేసింది. పక్కన పంచె, కండువా, నుదుట విభూతి. అక్కడ ఆగింది. అరవకండి అంకుల్, ఇంకోసారి అరిస్తే బయటికి పంపాల్సి వస్తుంది అని చాలా మర్యాదగా చెప్పాడు. పంచె కడితే నేరం దానంతటదే రుజువైపోతుందని వాళ్లకి ట్రైనింగ్‌లో నేర్పుతారేమో. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

కోపం వచ్చింది గానీ నోరు పెగల్లేదు. "అది నేనే" అనడానికి రెండు మాటలు చాలు. చెప్పలేకపోయాను. మామయ్యగారు నా వైపు ఒకసారి చూసి, ఆ కుర్రాడితో "మంచిది బాబూ, పెద్దవాణ్ణి, అలవాటు" అన్నారు. అవతల కూర్చున్న మా ఆవిడ నన్ను చూసిన చూపు ఆ టార్చిలైటు కన్నా వేడిగా ఉంది. పదకొండేళ్లుగా నా గొంతు వింటున్న మనిషి మరి.

సెకండాఫ్‌లో ఏం జరిగిందో నాకు తెలీదు. స్టేజీ మీద ఆయన వేషం బయటపడినట్టుంది. తెర పడీ పడగానే అందర్నీ పక్క తలుపులోంచి లాక్కుని క్యాబ్ ఎక్కించాను. దారంతా ఎవరూ మాట్లాడలేదు. ట్రినిటీ సర్కిల్ దాటాక మామయ్యగారు మాత్రం, "గొంతు బాగుందయ్యా, శ్రుతిలో అరిచావు" అన్నారు.

మారతహళ్లి బ్రిడ్జి దగ్గర అత్తయ్య అడిగింది, చేగోడీల డబ్బా ఏది అని.

డబ్బా మూత మీద ఆవిడ పేరు చెక్కించి ఉందట, పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చిన సామాన్లలోదట. పొద్దున్నుంచి హాలుకి ఫోన్ చేస్తున్నాను. టికెట్ బుకింగ్‌కి ఒకటి నొక్కమంటోంది. పార్టీలకి హాలు కావాలంటే రెండు. డబ్బాకి ఏ నంబరూ లేదు.