ధారణ ఒక్కరి బుర్రలో పుట్టదు

జ్ఞాపకశక్తిని మనం పుట్టుకతో వచ్చే వరంగా మాట్లాడుతాం. పిల్లవాడికి పాఠం గుర్తుండకపోతే లోపం వాడి బుర్రలోనే ఉందని తేల్చేస్తాం. ఈ ధోరణితో నాకు గట్టి విభేదం ఉంది. మనిషి దేనిని గుర్తుంచుకుంటాడు, ఎలా గుర్తుంచుకుంటాడు, గుర్తున్నదానితో ఎలా ఆలోచిస్తాడు అన్నవి చాలావరకు అతడు పెరిగిన సంస్కృతి చేతికిచ్చిన పనిముట్లను బట్టే ఉంటాయి.

కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల దయ్యాల కథ ఒకదానిని ఇంగ్లండు పాఠకుల చేత చదివించి, కొంతకాలం తర్వాత తిరిగి చెప్పించి, ఆ ఫలితాలను 1932లో పుస్తకంగా ప్రచురించాడు. వారి నోట సీల్ వేట కాస్తా చేపల వేటగా మారింది, అర్థం కాని దయ్యాల ప్రస్తావన సన్నగిల్లింది. తమకు తెలిసిన లోకంలో ఇమిడినంత మేరకే ఆ కథ వారికి మిగిలింది.

మన విషయానికి వస్తే అష్టావధానాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, వంతులవారీగా అడుగుతుంటే అవధాని సమస్యకు (ఇచ్చిన చిక్కు పాదాన్ని పూరించే పద్యానికి) ఒక పాదం, దత్తపదికి (ఇచ్చిన మాటలను ఇమిడ్చే పద్యానికి) ఒక పాదం, వర్ణనకు ఒక పాదం చెప్పుకుంటూ పోతాడు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్ని నిషేధిస్తూ అడ్డు తగులుతాడు. మధ్యమధ్య అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రతను చెదరగొట్టడానికి చూస్తాడు. చివరికి అవధాని పద్యాలన్నింటినీ ధారణ చేస్తుంటే, అంటే జ్ఞాపకం నుంచి తిరిగి అప్పజెబుతుంటే, సభ నివ్వెరపోతుంది. ఆ ప్రతిభ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే ఆ ధారణ బరువులో చాలా భాగాన్ని ఛందస్సు మోస్తోంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. పదో అక్షరానికి మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని పొంతన, కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలి, అదే ప్రాస. ఒక మాట జారిపోయినా ఆ చోట గురువు రావాలో లఘువు రావాలో పద్యం నడకే చెబుతుంది. తరతరాలుగా తెలుగువారి చెవి నిలుపుకున్న ఈ కట్టుబాట్లు లేకపోతే తిరుపతి వేంకట కవులు వందమంది పృచ్ఛకులతో సాగే శతావధానాలు చేయగలిగేవారా? పైగా ఇక్కడ గుర్తుంచుకోవడమూ ఆలోచించడమూ ఒకే పని, ఎందుకంటే అవధాని ధారణ చేస్తున్నది అప్పటికప్పుడు తాను కట్టిన పద్యాన్నే.

ఇదే నేల మీద, తెలంగాణ పల్లెల్లో డోలు దరువుతో దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు కథకుడి జ్ఞాపకం పూర్తిగా వేరే పద్ధతిలో నడుస్తుంది. మల్లన్న కథనో బీరప్ప కథనో రాత్రి పొడుగునా చెప్పే కథకుడు దానిని పొల్లు పోకుండా అప్పజెప్పడు. ఘట్టాల వరుస, ఏ ఘట్టానికి ఏ పాట, ఎక్కడ డోలు దరువు మారాలి అన్నవి అతనిలో స్థిరంగా ఉంటాయి. మాటలు మాత్రం ఆ రాత్రి, ఆ ఊరి జనాన్ని చూసి పుడతాయి. వంత పాడేవారు, డోలు వాయించేవారు కూడా ఆ జ్ఞాపకంలో భాగస్వాములే. మాదిగలను ఆశ్రయించి బతికే దక్కలివారు ఆ కులపురాణమైన జాంబపురాణం చెప్పేటప్పుడు పటం మీది బొమ్మలే కథకు దారి చూపుతాయి. ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్యను గొప్ప కళాకారుడని మెచ్చుకున్నాం గాని, ఆయన ధారణ గురించి ఎంతమందిమి మాట్లాడాం? అక్షరం తప్పకుండా అప్పజెబితే పాండిత్యమనీ, సందర్భాన్ని బట్టి మాట మారిస్తే చదువురానివారి సహజ ప్రతిభ అనీ విడదీయడంలో నాకు కుల దృష్టే కనిపిస్తోంది. వింటున్నవారి ముఖాలు చూసి ఏది పెంచాలో, ఏది కుదించాలో అక్కడికక్కడే నిర్ణయించడం తక్కువ స్థాయి ఆలోచన ఎలా అవుతుంది?

ఈ రెండూ తెలిసిన మనం బడిలో పిల్లలకు ఇస్తున్నది రెండూ కాని బట్టీ. అందులో రాగం లేదు, దరువు లేదు, వినేవారు లేరు; గైడులోని జవాబు పరీక్ష దాకా నిలిస్తే చాలు. దీనిని చూసి అసలు కంఠస్థమే ఆలోచనకు శత్రువని కొందరు తీర్మానిస్తుంటే నాకు బాధ కలుగుతోంది. తెలుగు వాచకంలో నక్షత్రం గుర్తున్న పద్యాన్ని పిల్లలు ఒక ప్రశ్న కోసం కంఠస్థం చేస్తారు, యతిప్రాసలను గుర్తించి గణవిభజన చేయడం మరో ప్రశ్న కోసం నేర్చుకుంటారు. మూడో పాదం తట్టక ఆగిపోయిన బిడ్డతో ప్రాసాక్షరాన్ని తలచుకోమని చెబితే ఆ రెండు ప్రశ్నలూ ఒకటవుతాయి. అలాగే సాంఘిక శాస్త్రంలో ఒక పాఠాన్నైనా తరగతి ముందు నిలబడి, దరువు వేసే తోటి పిల్లలతో కలిసి, సొంత మాటల్లో కథగా చెప్పనిచ్చి దానికి మార్కులు వేయాలి. ఇందుకు కొత్త పుస్తకాలు గాని, ప్రత్యేక నిధులు గాని అక్కరలేదు.