ఏ రాయైతేనేం?

సేవ చేయాలన్న తపన మనిషికి ఎప్పుడు పుడుతుందో చెప్పలేం. నాకు మాత్రం, మిగిలిన సెలవులు వాడుకోకపోతే మురిగిపోతాయని ఆఫీసువాళ్ళు చెప్పిన రోజున పుట్టింది. అదే రోజు సాయంత్రం ఒక ప్రకటన కంటబడింది. పేద దేశానికి దంతవైద్య సేవాయాత్ర, ఏడు రోజులు, అనుభవం అక్కర్లేదు. చివరి మాట చదవగానే కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళినా అది లేదనే కదా నన్ను వెనక్కి పంపారు!

వృత్తిరీత్యా నేను జమాఖర్చుల మనిషిని. పళ్ళతో నా పరిచయమల్లా నా నోట్లో ఉన్న ముప్ఫైతోనే. జ్ఞానదంతాలు రెండు ఇంకా రాలేదు.

మొదటి రోజు నా పని లైటు పట్టుకోవడం. బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, వెనక ఒకరు తల పట్టుకుని నిలబడితే అదే డెంటల్ చైర్. తెల్లవారకముందే వచ్చి నిలబడ్డ వరస గేటు దాటి రోడ్డెక్కింది. ఎన్నో నెలలుగా పంటినొప్పితో నిద్రలేని ఒక ముసలాయనకు మా డాక్టరు దవడ పన్ను తీసేస్తే, ఆయన లేచి రెండు చేతులా దండం పెట్టాడు. పీకింది డాక్టరే అయినా, లైటు పట్టుకున్నందుకు ఆ దండంలో నాకూ వాటా ఉందని లెక్క రాసుకున్నాను.

రెండో రోజుకి నాకు పదోన్నతి వచ్చింది. డాక్టర్లు ఇద్దరు, వరస మాత్రం నిన్నటికి రెట్టింపు. ఎవరో నా చేతిలో పటకారు పెట్టారు. మా దేశంలో పరాయివాడి నోట్లో వేలు పెట్టాలంటే ఏళ్ళ తరబడి చదవాలి, ఆపైన లైసెన్సు తెచ్చుకోవాలి. ఇక్కడ టీ షర్టు చాలు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న పెద్దలు ఈ యాత్రను మనసులో పెట్టుకునే అని ఉంటారు. ఆ రాయి నేనే అయినందుకు గర్విస్తున్నాను.

వాళ్ళ భాషలో రెండు ముక్కలు నేర్చుకున్నాం: ‘నోరు తెరువు’, ‘నొప్పిగా ఉందా?’ జవాబులు నేర్చుకునే వ్యవధి లేకపోయింది. పరికరాలు 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పావుగంట ఉండాలని మా డాక్టరుగారి నియమం. మధ్యాహ్నానికి వరస పొడుగైన కొద్దీ ఆ పావుగంట పొట్టిదవుతూ వచ్చింది.

పీకడం తప్ప ఇంకేమీ చేయరా అని కొందరు అసూయాపరులు అడుగుతున్నారు. రూట్ కెనాల్‌కు ఎక్స్‌రే కావాలి, తీరిక కావాలి, పేషెంటు మళ్ళీ రావాలి. పేషెంటు వస్తాడు, మేమే రాం. ఏడో రోజున విమానం. మరి డ్రిల్లు, కరెంటు లేకుండా చేతి పరికరాలతోనే పుచ్చు గీకేసి, గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపి పన్ను నిలబెట్టే పద్ధతి ఉంది కదా, అదేదో 1980ల నడుమ టాంజానియాలోనే మొదలైంది కదా అంటారు. నిజమే. ఆ సిమెంటునూ, పుచ్చును ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది కూడా. కానీ ఆ రెండో మందు పూస్తే పుచ్చు నల్లబడుతుంది. నల్లపళ్ళ పిల్లను పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగితే చూసేవాళ్ళేమనుకుంటారు? పైగా ఈ పనులు శిక్షణ ఇస్తే స్థానిక ఆరోగ్య కార్యకర్తలే చేయగలరట. వాళ్ళే చేసుకుంటే మేమెందుకు?

స్థానికులంటే గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో ఒక దంత నర్సు ఉంది. ఏడాది పొడుగునా ఉంటుంది, అదే ఆవిడలోని లోపం. ఎప్పుడూ ఉండేవాళ్ళకు ఎవరు బ్యానరు కడతారు? మా శిబిరం నడిచినన్నాళ్ళూ ఆవిడ గదికి ఒక్క పేషెంటూ వెళ్ళలేదు, అందరూ మా వరసలోనే. మూడో రోజు సాయంత్రం ఆవిడే వచ్చి, ఏడేళ్ళ పాప నోట్లోకి చూసి, ఇక్కడి పన్ను ఎవరు తీశారని అడిగింది. చెయ్యెత్తాను. పాపాయికి పాలపన్నే కదా, ఊడితే మళ్ళీ వస్తుందన్నాను.

‘‘ఇది ఆరేళ్ళకు వచ్చే దవడ పన్నండీ. పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండా వస్తుంది. అందుకే చాలామంది పాలపన్ను అనుకుంటారు. ఇక రాదు’’ అంది, గొంతు పెంచకుండా.

మేమేమీ ఊరుకోలేదు. పాపకు బెలూను ఇచ్చాం. ధైర్యంగా కూర్చున్న ప్రతి పిల్లకూ బెలూనుతో పాటు చాక్లెట్ ఇవ్వడం మా శిబిరం ఆనవాయితీ. వచ్చే ఏటికి పేషెంట్ల కొరత ఉండకూడదన్న ముందుచూపు కూడా ఉందేమో, నిర్వాహకులను అడగలేదు. బ్రష్షులు పెట్టెలకొద్దీ పంచాం. పుచ్చును నిజంగా అడ్డుకునేది ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, అది బరువని తేలేదు. ఉత్త బ్రష్షుతో పిల్లలు చెప్పులు తోముకుంటూ ఎంత ఆనందించారో!

పళ్ళూ చిగుళ్ళ జబ్బులు ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది. మేం పీకినవి వారానికి ఒక బకెట్టు పళ్ళు. జమాఖర్చుల మనిషిని కాబట్టి ఈ రెండింటినీ ఒకే కాగితం మీద రాయలేదు.

ఆరో రోజు జలపాతం చూశాం. సరిగ్గా అదే రోజు నర్సు గదికి పేషెంట్లు తిరిగొచ్చారు. పన్ను తీసిన గుంతలో రక్తపు గడ్డ ఊడిపోతే రెండు మూడు రోజులకు ఎముక సలుపుతుంది. డ్రై సాకెట్ అంటారట. వాళ్ళు పంటి బిగువున భరిద్దామన్నా, మేం పీకినవి ఆ పళ్ళే. బయల్దేరే ముందు ఆవిడ మమ్మల్ని అడిగింది మూడే: మిగిలిన మత్తుమందు, గ్లవుజులు, పటకార్లు. పటకార్లు వచ్చే ఏడాదికి మాకే కావాలి. గ్లవుజులు అయిపోయాయి. మత్తుమందు మాత్రం మనస్ఫూర్తిగా ఇచ్చేశాం, దాని గడువు ఎలాగూ ఆ నెలాఖరుకే. గ్రూపు ఫోటో ఫ్రేము కట్టించి ఆవిడ గది గోడకు పంపాం.

తిరుగు విమానంలో నాకే పన్ను సలపడం మొదలైంది. దిగీదిగగానే క్లినిక్కుకు పరుగెత్తాను. ముందు గోడ మీది డిగ్రీ సర్టిఫికెట్ చదివాను, తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు, తర్వాత పరికరాల ప్యాకెట్టు సీలు. డాక్టరు ఎక్స్‌రే చూసి, పీకక్కర్లేదు, మూడుసార్లు వస్తే నిలబెట్టేద్దాం అన్నాడు. పీకడమనే మాట ఆయన నోట ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

కుర్చీలో వెనక్కి వాలాక, నా తల పక్కన లైటు సర్దుతున్న కుర్రాడు కనిపించాడు. నోరు తెరిచే ముందు అడిగాను: ‘‘ఇతను లైటు వరకేనా, నా నోట్లో చెయ్యి పెట్టడు కదా?’’