బల్లి గీసిన స్పర్శరేఖ

నాకు బల్లి అంటే భయం. ఇరవై నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. బెత్తం పట్టకుండానే పదో తరగతిని కిక్కురుమనకుండా కూర్చోబెట్టగలను. గోడ మీద బల్లి కనబడిందా, నా గొంతు నా మాట వినదు. ఈ సంగతి మా ఆవిడకు తప్ప మరొకరికి తెలియకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. మొన్న ముప్పై ఎనిమిది మంది పిల్లలకూ, హెడ్మాస్టారికీ, మండల విద్యాధికారి ఎంఈఓ గారికీ ఒకేసారి తెలిసిపోయింది.

ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనుల్లో భాగంగా 2023లో మా హైస్కూలుకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. కాగితాల్లో ఐఎఫ్‌పీ అని రాసేవాళ్లం. పిల్లలు పెద్ద టీవీ అన్నారు. మా ఆయా "గోడఫోను" అంది, అదే ఖాయమైంది. వేలితో రాస్తే రాస్తుంది, అరచెయ్యి ఆనిస్తే చెరిపేస్తుంది. సుద్దపొడి లేదు, తుమ్ములు లేవు. ఇన్నేళ్లలో నల్లబోర్డు మీద నేను వట్టిచేత్తో గీసిన వృత్తాలన్నీ కోడిగుడ్లే. మొదటిసారి గుండ్రటి వృత్తం వచ్చిన రోజు దాన్ని చెరపబుద్ధి కాలేదు.

మా హెడ్మాస్టారు మాత్రం దేనికీ ఆశ్చర్యపోరు. "ఇవన్నీ చూసినవేనయ్యా" అన్నారు. 1975లో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చి, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. మన రాష్ట్రం కూడా ఆ ఆరింటిలో ఒకటి. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం రైతులకు కబుర్లు. "ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని వాళ్లు పట్టుకుపోయారు. మేం మళ్లీ పలకలు పట్టుకున్నాం." తర్వాత రేడియోలో 'విందాం నేర్చుకుందాం' వచ్చినప్పుడు ఈయన పిల్లలకు వినిపించిన దానికన్నా, బ్యాటరీల బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరిగిందే ఎక్కువట.

ప్యానెల్‌తో మొదటి తగాదా దసరాకు వచ్చింది. ఆయుధపూజ నాడు బీరువాలకూ, బెల్లుకూ పెట్టినట్టే ఆయా దాని చట్రం చుట్టూ గంధం, కుంకుమ బొట్లు పెట్టింది. సెలవుల తర్వాత చూస్తే గోడఫోనుకు పూనకం. ఎవరూ ముట్టుకోకుండానే ఒకేచోట టకటకా చుక్కలు పెడుతోంది. పదకొండు రోజులకు మెకానిక్ కుర్రాడు వచ్చి తడిగుడ్డతో తుడిచాడు, తగ్గిపోయింది.

"చట్రంలోంచి కంటికి కనబడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి సార్. మధ్యలో ఏది అడ్డమొచ్చినా వేలే అనుకుంటుంది. సన్నగా ఉంటే పెన్ను, వెడల్పుగా ఉంటే డస్టరు."

అర్థమైనట్టు తల ఊపాను. "ఏది అడ్డమొచ్చినా" అన్న మాట మాత్రం చెవిలోనే ఆగిపోయింది.

ఎంఈఓ గారు వచ్చిన రోజు నా పాఠం వృత్తానికి స్పర్శరేఖలు. తెర బాగా కనబడాలని కిటికీలు మూయించాను. ఆయన చివరి బెంచీ దగ్గర కుర్చీ వేయించుకున్నారు. పక్కన హెడ్మాస్టారు. నీలం వృత్తం గీశాను, ఎర్ర పెన్ను నొక్కాను, పిల్లల వైపు తిరిగాను.

"స్పర్శరేఖ వృత్తాన్ని ఎన్ని బిందువుల వద్ద తాకుతుంది?"

"ఒక్కటే సార్!"

అప్పుడు మూడో బెంచీ కుర్రాడు నోరు తెరిచి తెర వైపు వేలు చూపించాడు.

ప్యానెల్ వెనక వెచ్చగా ఉంటుంది కదా, అక్కడెప్పుడు కాపురం పెట్టిందో, ఒక బల్లి చట్రం దిగి తెర మీదికి వచ్చింది. తెల్లటి వెలుగుకు చేరిన పురుగు కోసం. అది నాలుగడుగులు వేస్తే వెనక ఎర్ర గీత నాలుగడుగులు వచ్చింది. ఆగితే చుక్క. నేను రెండు చేతులూ గుండెకు ఆనించుకుని "అమ్మో!" అన్నాను. ఆ అరుపు నాదేనని నాకే నమ్మకం కలగలేదు.

బల్లి వృత్తంలో ఈ పక్క దూరి ఆ పక్క తేలింది. అక్కడ పురుగును పట్టబోయి అడ్డం తిరిగేసరికి దాని పొట్ట డస్టరైంది. సిద్ధాంతం నిరూపణలో రెండు వరుసలు మాయం. తోకతో మళ్లీ ఏదో రాసింది. దస్తూరీ నాకన్నా నయం.

చీకట్లో, చివరి బెంచీ నుంచి, అద్దాలు తెచ్చుకోని ఎంఈఓ గారికి ఇదంతా వేరేగా కనబడింది.

"భలే ఉందయ్యా యానిమేషను! ఎక్కడిది?"

"దీక్ష యాప్‌లో ఉంది సార్" అన్నారు హెడ్మాస్టారు, కనురెప్ప కూడా కొట్టకుండా. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వస్తుందని కూడా చెప్పారు. ఆ పూట వినిపించిన మాటల్లో నిజానికి దగ్గరగా ఉన్నది క్యూఆర్ కోడ్ ఒక్కటే.

ఎంఈఓ గారు ఉత్సాహంగా లేచొచ్చి, బొమ్మ కదులుతుందేమోనని వేలు పెట్టారు. కదిలింది. వేలి మీంచి చొక్కా చేతి మీదికి, అక్కణ్ణుంచి భుజం మీదికి. తలుపు దగ్గర ఇద్దరం ఒకరికొకరం అడ్డం పడ్డాం. ముందు మీరంటే ముందు మీరనే మర్యాద ఇద్దరికీ గుర్తు రాలేదు.

చివరికి ముందు బెంచీ అమ్మాయి నోటుపుస్తకం అట్టతో బల్లిని నెమ్మదిగా ఎత్తి, కిటికీ తెరిచి బయటికి వదిలేసింది. వచ్చి కూర్చుంటూ, "సార్, అది గీసింది స్పర్శరేఖ కాదు, ఛేదనరేఖ. రెండు చోట్ల తాకింది" అంది. అవునన్నాను. ఇంకేమంటాను?

ఎంఈఓ గారు మంచినీళ్లు తాగి నెమ్మదించాక హెడ్మాస్టారు ఆయన చెవి దగ్గరికి వంగారు.

"కుడి భుజమా సార్, ఎడమ భుజమా?"

"కుడి."

"పడిందా, పాకిందా?"

ఆయన ఆలోచనలో పడ్డారు. హెడ్మాస్టారు ఫోనులో పంచాంగం తీసి బల్లిపాటు ఫలితాల పట్టిక చూపించారు.

"నాకు అద్దాల్లేవయ్యా. ఆ ప్యానెల్ మీద వెయ్యండి, పెద్దగా కనబడుతుంది."

వేశాం. కిటికీ మళ్లీ మూశాం. తల నుంచి మొదలైంది పట్టిక. ముప్పై ఎనిమిది మందీ ఒక్క గొంతుతో పైకి చదువుతున్నారు. స్పర్శరేఖలకు ఇంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు. హెడ్మాస్టారు వేలితో పైకి జరుపుతున్నారు. నుదురు అయింది, ముక్కు అయింది, మెడ అయింది. కుడి భుజం వరుస తెర అంచున తొంగిచూస్తుండగా కరెంటు పోయింది.

ఎంఈఓ గారికి ఆ రోజు ఇంకో రెండు బడులున్నాయి. కరెంటు వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.